తాళాల గుత్తి పారేసింది నేను

చిన్న మేడం ఒక పిల్ల ప్రాణం నిలబెట్టిందన్న కథ మీరు వినే ఉంటారు. పుత్తూరు దాటి కార్వేటినగరం దారి పట్టాక వచ్చే ఏ హైస్కూల్లోనైనా, డ్రిల్లు పీరియడు ప్రస్తావన వస్తే చాలు, ఆ వెనకే ఈ కథ వస్తుంది. తిరుపతిలో ఖో-ఖో ఎంపికల రోజున ఆడపిల్ల మైదానంలో కుప్పకూలడం, చిన్న మేడం రొమ్ము మీద చేతులు వేసి ఒత్తడం, పిల్ల కళ్ళు తెరవడం. కొందరు దీనికి కొండ మీద దేవుడి మొక్కు కలుపుతారు. మరికొందరు చిన్న మేడం కన్నీటి బొట్టు పిల్ల ముఖాన పడగానే రెప్పలు కదిలాయంటారు. నా వీడ్కోలు సభలో, నాకు కప్పిన శాలువా మడత కూడా నలగకముందే, మా హెడ్మాస్టరు మైకు పట్టుకుని ఇదే కథ చెప్పారు. వీడ్కోలు నాకు, చప్పట్లు ఆమెకు.

ఆ కథలో నేను లేను. కొందరు చెప్పేదాంట్లో ఉన్నాను, కాకపోతే ‘అసూయతో ఆ పిల్లను జట్టులోంచి తీసేయించాలని చూసిన పెద్ద మేడం’గా.

అసూయ మాట నిజం. మిగతా దాంతోనే నా తగువు.

మోకాళ్ళు సహకరించక ఉద్యోగం గడువుకు ముందే వదులుకుని ఇంట్లో కూర్చున్నదాన్ని. ఇప్పుడు ఎవరి మెప్పూ నాకు అక్కర్లేదు. కానీ ఈ మధ్య కొత్తగా డ్రిల్లు టీచర్లుగా చేరిన అమ్మాయిలు ఈ కథ విని, పడిపోయిన పిల్లను కన్నీళ్ళు లేపుతాయని నమ్మితే మాత్రం ప్రమాదం. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మధ్యలో నా కుళ్ళు కనిపిస్తే కనిపించనివ్వండి. అది లేకపోతే ఈ సంగతే లేదు.

చిన్న మేడం గూడూరు వైపు నుంచి బదిలీ మీద మా స్కూలుకు వచ్చింది. వచ్చిన రోజే స్టాఫ్ రూములో అందరికీ నిమ్మకాయలు పంచింది. అన్నేళ్ళుగా అక్కడ పనిచేస్తూ ఎవరికీ ఒక్క నిమ్మకాయ ఇచ్చిన పాపాన పోలేదు నేను. ఆ సాయంత్రానికే మా ఇద్దరి సంగతి తేలిపోయింది. నేను విజిల్ వేస్తే పిల్లలు వరసలో నిలబడేవాళ్ళు. ఆమె విజిల్ వేయకపోయినా చుట్టూ మూగేవాళ్ళు. నన్ను ‘మేడమ్’ అనేవాళ్ళు, ఆమెను ‘అక్కా’ అనేవాళ్ళు. టీచర్ని అక్కా అని పిలవనివ్వడమేమిటని నేను హెడ్మాస్టరుకు ఫిర్యాదు కూడా చేశాను. “పిలవనీలేమ్మా, మనల్ని వెనకాల ఏమని పిలుస్తా ఉండారో దానికంటే నయమే గదా” అన్నారాయన.

అన్నీ ఓర్చుకున్నాను. ఆ ఒక్క పిల్ల విషయంలోనే ఓర్చుకోలేకపోయాను.

ఆ పిల్లను కనిపెట్టింది నేను. ఆరో తరగతిలో చేరిన కొత్తలో స్కూలు ఆవరణలోకి ఒక మేక దూరితే పిల్లలంతా కేకలు వేస్తూ తరిమారు. ఈ పిల్ల మాత్రం కేక వేయలేదు. మేక ఎటు తిరుగుతుందో అటు, మేక కంటే ముందే తిరిగింది. ఖో-ఖో ఆటంటే ఇంతే. పరుగు అందరికీ వస్తుంది, మలుపు కొందరికే వస్తుంది. స్తంభం పట్టుకుని ఒంటిచేత్తో తిరగడం, గడిలో కూర్చున్నప్పుడు మడమ ఎత్తి పెట్టుకోవడం, వీపు తగలగానే లేవడం, అన్నీ తిట్టి తిట్టి నేర్పాను. చిన్న మేడం వచ్చాక అదే మలుపును మెచ్చుకుని మెచ్చుకుని తన సొంతం చేసుకుంది. ఎనిమిదో తరగతికల్లా ఆ పిల్ల ఆమె మనిషైపోయింది. వాళ్ళ నాయన మామిడితోపుల్లో ట్రాక్టరు తోలేవాడు. తొలికాపు దోరకాయలు వస్తే చిన్న మేడంకు ఉప్పూ కారం పొట్లంతో సహా తెచ్చేది. నాకు నమస్తే తెచ్చేది.

కాబట్టి నేను వాళ్ళిద్దర్నీ చూస్తూ ఉండేదాన్ని. వాలీబాల్ పిల్లల్ని ఆడిస్తున్నట్టే ఉండి, కళ్ళు మాత్రం ఖో-ఖో గీతల మీద పెట్టేదాన్ని. ప్రేమగా చూసేవాళ్ళు ముఖం చూస్తారు, నవ్వు చూస్తారు, మధ్యలో మురిసిపోయి కళ్ళు మూసుకుంటారు. అసూయ రెప్ప వేయదు. తప్పు ఎక్కడ దొరుకుతుందా అని కాళ్ళు చూస్తుంది, చేతులు చూస్తుంది, ఊపిరి చూస్తుంది.

అందుకే ఆ పిల్ల మొదటిసారి పడినప్పుడు మైదానంలో ఉన్న అందరికంటే బాగా చూసింది నేను.

సాధన జరుగుతోంది. పిల్ల తరుముతోంది, మంచి వేగం మీద ఉంది. ఉన్నట్టుండి బొక్కబోర్లా పడింది. కాలు తట్టుకుని పడేవాళ్ళు చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఈ పిల్ల చేతులు కదల్లేదు. తాడు తెగిన బిందెలా పడింది. పడ్డాక కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి.

“ఫిట్స్, ఫిట్స్” అన్నారు పిల్లలు.

మా వైపు మూర్ఛ వచ్చిన మనిషికి ఇనుము పట్టిస్తారు. తాళాలు, కొడవలి, ఏది దొరికితే అది. చిన్న మేడం నడుముకు దోపుకున్న స్పోర్ట్స్ రూము తాళాల గుత్తి తీసి పిల్ల అరచేతిలో పెట్టి పిడికిలి మూసింది. మధ్యాహ్న భోజనం వండే ఆమె ఉల్లిపాయ కోసుకుని పరుగెత్తుకొచ్చింది. అంతలో పిల్ల కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, “అక్కా, నాకు ఖో ఇచ్చినారా?” అంది. అందరూ నవ్వేశారు. ఆ రోజు నుంచి ఆ తాళాల గుత్తికి మా స్కూల్లో ఉన్న గౌరవం హెడ్మాస్టరుకు కూడా లేదు.

నేను నవ్వలేదు. మా పిన్నికి మూర్ఛ ఉండేది. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. వచ్చి తగ్గాక ఆమె నాలుక కరుచుకుని ఉండేది, మమ్మల్ని గుర్తుపట్టేది కాదు, మొద్దునిద్ర పోయేది. ఈ పిల్ల కళ్ళు తెరిచిన మరుక్షణం ఆట అడిగింది. పైగా అంతకుముందు ఏడాదే తిరుపతిలో డ్రిల్లు టీచర్లకు ప్రథమ చికిత్స శిక్షణ పెట్టారు. సెలవు రోజున ఎవరు పోతారని అందరూ తప్పించుకుంటే నన్ను తోశారు. అక్కడ గుండె డాక్టరు గుండె ఆగినవాళ్ళకు చేసినట్టు రబ్బరు బొమ్మ మీద మాచేత రొమ్ము ఒత్తించి, చివర్లో ఒక మాట చెప్పింది. “ప్రార్థనలో నిలబడి నిలబడి పడే పిల్లలు ఉంటారు. తిండి తినక, ఎండకు తట్టుకోలేక పడతారు. వాళ్ళకు నీళ్ళివ్వండి. పరుగు మధ్యలో పడే పిల్లను మాత్రం మా దగ్గరికి తీసుకురండి. ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కూడా అడగండి.”

మర్నాడు స్పోర్ట్స్ రూములో చిన్న మేడం ఒక్కతే వాలీబాల్ నెట్టుకు పడిన ముడులు విప్పుతుంటే లోపలికి వెళ్ళాను.

“ఆ పాపకు వచ్చింది ఫిట్స్ కాదు. తిరుపతికి తీసకపోయి గుండె పరీక్ష చేయించాల. అందాకా పరుగెత్తించద్దు.”

ఆమె తల ఎత్తలేదు. “ఎంపికలు దగ్గరికొచ్చినాక గుర్తొచ్చినాదా మేడమ్ మీకు?”

“పాప పడింది నిన్న. మొన్ననే ఎట్లా గుర్తొస్తాది?”

“పడింది నా ఒళ్ళో. నేను చూసినాను.”

“నీ ఒళ్ళో పడలా. మైదానంలో పడినాది. ఆ తర్వాత నువ్వు ఒళ్ళోకి లాక్కున్నావు. నువ్వు మొహం చూసినావు, నేను పడేది చూసినాను.”

“మీరు చూస్తానే ఉంటారు మేడమ్. మీరు చూసేది మేమందరం చూస్తానే ఉండాము.”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోలేదు. నా దగ్గర జవాబు లేని మాటంటూ పుట్టలేదు. కానీ మా గొంతులు పెరిగేసరికి కిటికీ దగ్గర పిల్లలు చేరారు. సాయంత్రానికి స్కూలంతా ఒకటే మాట: పెద్ద మేడం కుళ్ళుకుంటా ఉండాది. హెడ్మాస్టరు దగ్గరికి పోతే, “పెద్దావిడ, మీరే పంతం పట్టుకుంటే ఎట్లమ్మా. ఎంపికలు కానీండి, ఆ తర్వాత స్కానింగో గీనింగో చూద్దాము” అన్నారు. ప్రాణానికీ ఎంపికలకూ ఏది ముందు అని అడిగితే, “ఎంపికలకు తేదీ ఉండాది గదమ్మా” అన్నారు.

ఆదివారం బస్సెక్కి ఆ పిల్ల ఊరికి పోయాను.

వాళ్ళమ్మ వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు కొడుతోంది. గోడకు ఒక పిల్లవాడి ఫోటో, దండతో. ఆ పిల్లకు అన్న ఉండేవాడని, బావిలో పడి చనిపోయాడని విన్నాను గానీ వివరం తెలియదు. ఆమె నాకు మజ్జిగ ఇచ్చింది. తాగి, ఫోటో వైపు చూసి అడిగాను.

“అబ్బోడికి ఈత రాదా అమ్మా?”

“ఈత రానోడా అంటారా మేడమ్. ఊర్లో పిలకాయలకంతా వాడే నేర్పించినాడు. ఎవురి బిందె మునిగినా వాడే దూకి తీయాల. ఆ పొద్దు కూడా ఆడతా దూకినాడు. మళ్ళా పైకి రాలా.”

“కొట్టుకున్నాడా? కేకేసినాడా?”

“ఏమీ లా. గట్టు మీద పిలకాయలు వాడు ఆట పట్టిస్తా ఉండాడనుకున్నారు. బావి తీసుకునింది మేడమ్ వాణ్ణి.” ఆమె సుత్తి దెబ్బ ఆపలేదు. “వాళ్ళ నాయన ఆ బావికి అడ్డంగా ముళ్ళకంప కొట్టేసినాడు. ఆ నీళ్ళు ముట్టుకునేది లేదని ఒట్టు పెట్టుకున్నాము. మామిడి మొక్కలు ఎండిపోతా ఉండాయి, ఎండనీ.”

“అంతకు ముందు ఎప్పుడన్నా పడినాడా అమ్మా? నడిచేటప్పుడు కాదు, పరుగెత్తేటప్పుడు?”

అప్పుడు సుత్తి ఆగింది. “చిన్నప్పుడొకసారి. బంతాట ఆడతా పడినాడు. తాళాలు చేతిలో పెడితే లేచినాడు.”

ఇంకొకరెవరైనా అయితే అక్కడ ఆగి, ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మెల్లగా చెప్పేవాళ్ళేమో. నాకు ఆ మెల్లదనం రాదు. “అబ్బోణ్ణి తీసుకునింది బావి కాదేమో అమ్మా. వాడికీ ఈ పాపకీ ఒకటే జబ్బుండొచ్చు. ఇద్దరూ ఆటలోనే పడినారు. దీన్ని రేపే తిరుపతికి తీసకపోదాం” అన్నాను.

ఆమె చాప మీద నుంచి లేచింది. “సచ్చినోణ్ణి లేపి, ఉండేదానికి అంటగడతారా మేడమ్? చిన్న మేడం నిన్ననే వచ్చి పోయినాది. మీరు వస్తారని కూడా చెప్పినాది.”

పిల్ల గుమ్మంలో నిలబడి అంతా వింటోంది. “నేను ఆడేది మీకు ఇష్టం లేదు గదా మేడమ్” అంది.

“నువ్వు నా దగ్గర ఆడకపోవడం ఇష్టం లేదు. అది వేరే తగువు. ఇది వేరే.”

పిల్ల లోపలికి పోయింది. వాళ్ళమ్మ మజ్జిగ గ్లాసు తీసుకుంది. తిరుగు బస్సు కోసం ఊరి బయట నిలబడ్డప్పుడు కంప కొట్టిన ఆ బావి కనిపించింది, పక్కన ఆకులు మాడిపోయిన మామిడి మొక్కలు కూడా. నన్నెవరూ వెనక్కి పిలవలేదు.

ఎంపికల రోజు తిరుపతి మైదానంలో నన్ను టైము చూసే పనికి వేశారు. మా జట్టుతో పోలేదు గానీ మా జట్టు ఆడే గీత పక్కనే కూర్చున్నాను. కావాలనే అడిగి వేయించుకున్నాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ రెండు జవాబులొస్తాయి. పాప పడితే దగ్గరుండాలని ఒకటి. చిన్న మేడం జట్టు ఓడితే దగ్గరుండి చూడాలని ఒకటి. రెండూ నిజమే, పోట్లాడుకోకుండా పక్కపక్కనే కూర్చున్నాయి.

పాప బాగా ఆడింది. నేను నేర్పిన మలుపే. జనం ఈలలు వేస్తున్నారు. స్తంభం చుట్టూ తిరిగి అవతలి పిల్ల వెంట పడిన పాప, చెయ్యి చాచిన చెయ్యి చాచినట్టే, ముందుకు కూలింది.

మెడలో వేలాడే స్టాప్‌వాచ్‌తో సహా పరుగెత్తాను. నా కంటే ముందే చిన్న మేడం చేరింది. పాపను వెల్లకిలా తిప్పింది, గుత్తి తీసి చేతిలో పెట్టి పిడికిలి మూసింది. చుట్టూ జనం. “గాలి ఆడనీండి, గాలి ఆడనీండి” అని అరుస్తూ గాలికి అడ్డంగా నిలబడ్డారు.

పాప నోరు తెరిచి ఒకసారి గురక లాంటిది తీసింది. కాసేపాగి మరొకటి. గట్టున పడిన చేప తీసినట్టు.

“ఊపిరి తీస్తా ఉండాది, ఏం భయం లేదు” అంది చిన్న మేడం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి కొత్త టీచర్లకు చెప్పాలి. అది ఊపిరి కాదు. గుండె ఆగిన మనిషి కూడా మొదట్లో అట్లా నోరు తెరుస్తుంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంది. చూసేవాళ్ళకు మూర్ఛలాగే ఉంటుంది. పిలిస్తే పలక్కపోతే, ఊపిరి మామూలుగా లేకపోతే, ఇనుమూ వద్దు, ఉల్లిపాయా వద్దు, నీళ్ళు చల్లడమూ వద్దు. ఒకరు అంబులెన్సుకు ఫోను చేయాలి, ఒకరు రొమ్ము మీద చేతులు వేయాలి. తప్పుగా చేస్తామేమోనన్న భయం కూడా వద్దు. చేయకపోవడమే తప్పు.

“అది ఊపిరి కాదు. గుత్తి పారెయ్యి” అన్నాను.

ఆమె పాప పిడికిలిని ఇంకా గట్టిగా పట్టుకుంది. నేనే ఆ వేళ్ళు విప్పి, తాళాలు లాగి విసిరేశాను. ఎక్కడ పడ్డాయో ఆ తర్వాత ఎవరికీ దొరకలేదు. స్పోర్ట్స్ రూము తాళం పగలగొట్టాల్సి వచ్చిందని హెడ్మాస్టరు నన్ను సంజాయిషీ అడిగారు కూడా. మోకాళ్ళ మీద కూలబడి, రొమ్ము మధ్యలో చెయ్యి మీద చెయ్యి వేసి ఒత్తడం మొదలుపెట్టాను. బొమ్మ మీద ఒత్తడం వేరు. చిన్నపిల్ల ఎముక మన చేతి కింద కుంగుతుంటే మన చేతులే మనల్ని వద్దంటాయి.

“ఏమమ్మా, పాపను అట్ల కుమ్ముతా ఉండావు? సచ్చిపోతాది” అని ఒకాయన నా భుజం పట్టి లాగాడు.

“చనిపోయే ఉండాది. వదులప్పా” అన్నాను.

ఆ మాట చిన్న మేడం విన్నది. నా ముఖం చూసింది. వచ్చిన ఇన్నేళ్ళలో నన్ను తిన్నగా చూడడం అదే మొదటిసారేమో. లేచి ఆ మనిషిని రెండు చేతులతో వెనక్కి తోసి, “మేడమ్‌ను ముట్టుకోవాకండి” అంది. తర్వాత ఫోనులో అంబులెన్సు వాళ్ళకు మైదానం గుర్తులు చెప్పింది. చెప్పినంతసేపూ ఏడవలేదు. కన్నీటి బొట్టు కథ అక్కడికి సరి.

నా భుజాలు అరిగిపోయిన భుజాలు. కాసేపటికే చేతులు వంగిపోవడం నాకే తెలుస్తోంది. “ఇటు రా. ఆ పక్క కూర్చో. నేను చెయ్యి తీస్తానే నువ్వు అదే తావ పెట్టు. మోచెయ్యి వంచద్దు. ఆపద్దు” అన్నాను. ఆమె కూర్చుంది. నేను తీశాను, ఆమె పెట్టింది. పక్కన లెక్క పెడుతూ కూర్చున్నాను.

అప్పుడు కూడా, దేవుడి తోడు, నాకు కుళ్ళు పుట్టింది. ఆమె చేతులు కొయ్యల్లా తిన్నగా ఉన్నాయి. వేగం సరిగ్గా ఉంది, లోతు సరిగ్గా ఉంది. సెలవు పాడుచేసుకుని నేర్చుకున్నది నేను. ఒక్క మాటలో విని నా కంటే బాగా చేస్తున్నది ఆమె.

ఆమె చేతుల కిందే పాప దగ్గింది. మెడ అటు తిప్పింది. ఒక మూలుగు, ఆ తర్వాత అసలైన ఊపిరి. ఆ వెనకే అంబులెన్సు వచ్చింది. ఎవడో కుర్రవాడు ఫోనులో వీడియో తీశాడు. వాడు మొదలుపెట్టేసరికి మా చేతులు మారిపోయి ఉన్నాయి. ఊరూరా తిరిగిన ఆ వీడియోలో చిన్న మేడం ఉంది, పాప ఉంది, ఒక అంచున నా చీర కుచ్చెళ్ళు ఉన్నాయి. పొయ్యి రాజేసింది ఒకరు, వడ్డించింది ఒకరు. తిన్నవాళ్ళు వడ్డించిన చేతినే చూస్తారు. అంత మాత్రానికి పొయ్యి దానంతటదే రాజుకుందని చెప్పడం మాత్రం అన్యాయం.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు. చేతికి పట్టీ, ఒంటికి వైర్లు, ఒక కాగితం బయటికి రావడం. అంతే పరీక్ష. కూర్చుని టీ తాగేలోపల అయిపోయింది. మేము పోట్లాడుకున్నదంతా దీని కోసమేనా అనిపించింది. డాక్టరు చెప్పిన సంగతి ఇది: గుండె ఆకారంలో లోపం లేదు, దాని కరెంటులో ఉంది. ఒక్కో దెబ్బ తర్వాత మళ్ళీ సిద్ధం కావడానికి మామూలు కంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది. పరుగులోనో, నీళ్ళలోనో, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడినప్పుడో లయ తప్పుతుంది. కొన్నిసార్లు దానంతటదే సర్దుకుంటుంది, పిల్ల లేచి కూర్చుంటుంది. సర్దుకోనప్పుడు పిల్ల ఉండదు. వంశంలో వచ్చే జబ్బు.

“ఇంట్లో ఇంకెవరైనా ఇట్లా పోయినారా?” అని అడిగాడు.

ఊరి నుంచి అప్పుడే దిగిన వాళ్ళమ్మ తలుపు దగ్గరే నిలబడింది. నేనే చెప్పాను. బావి సంగతి, ఈత సంగతి, బంతాట సంగతి.

ఆమె డాక్టరు వైపు చూసింది. “అయితే మా అబ్బోడు నీళ్ళు తాగి సావలేదా సార్?”

“ఇప్పుడు తేల్చి చెప్పలేమమ్మా. కానీ అంత ఈత వచ్చిన పిల్లాడు కేక కూడా వేయకుండా మునిగినాడంటే, నీళ్ళలో ఉండగా గుండే ఆగి ఉంటుంది.”

“వాళ్ళ నాయన బావికి కంప కొట్టినాడు సార్” అంది ఆమె. ఆ ముక్క డాక్టరుకు ఏమర్థమవుతుంది? “దినామూ తిట్టినాను సార్ ఆ బావిని. పొద్దున లేస్తానే తిట్టినాను.”

అప్పుడు కూలిపోయింది. కూలింది చిన్న మేడం భుజం మీద. నేను పక్కన నీళ్ళ సీసా మూత తీసి పట్టుకుని నిలబడ్డాను. ఎవరూ తీసుకోలేదు. మూత మళ్ళీ పెట్టాను.

తల్లికీ తండ్రికీ కూడా పరీక్ష చేయాలన్నాడు డాక్టరు. “ఏం చేద్దాము మేడమ్?” అంది ఆమె. చూపు నా మీద నుంచి జారుకుంటూ పోయి చిన్న మేడం మీద నిలిచింది.

“చేయించుకుందామమ్మా. పద” అంది చిన్న మేడం.

అంతే. రెండు మాటలు. ఆ తల్లి వెంటనే లేచి పోయి బల్ల మీద పడుకుంది. నేను వాళ్ళ వాకిట్లో కూర్చుని, ఎర్రటి ఎండలో బస్సెక్కి పోయి, కారణాలతో సహా చెప్పిన మాటే అది. జబ్బు తండ్రి వైపు నుంచి వచ్చిందని ఆ తర్వాత తేలింది. ఆయన మాత్రం ట్రాక్టరు తోలుకుంటూ, ఎన్నడూ పడకుండా అంత వయసుకు వచ్చాడు.

పాపకు రోజూ మాత్ర. ఖో-ఖో లేదు, ఈత లేదు. తండ్రి బావి మీద కంప తీయించాడని, మిగిలిన మొక్కలు చిగురు వేశాయని విన్నాను. పాప మైదానం వైపు రావడం మానేసింది. వరండాలో నేను ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడేది. ఆమె లెక్క ఆమెది: ప్రాణం పోసింది అక్క, ఆట తీసేసింది మేడం. ఇప్పుడు తిరుపతిలో డిగ్రీ చదువుతోంది. బతికుంది కదా, అది చాలదా అని మంచివాళ్ళు నాకు చెబుతూ ఉంటారు. నేను మంచిదాన్నని వాళ్ళకెవరు చెప్పారో తెలియదు.

మొన్నీమధ్య చిన్న మేడం ఫోను చేసింది. నేను ఖాళీ చేసిన చోట ఇప్పుడు ఆమె పెద్ద మేడం. కొత్తగా చేరిన డ్రిల్లు టీచర్లకు రొమ్ము ఒత్తడం నేర్పించాలి, రమ్మంది. వీడియోలో ఉన్నది నువ్వు, నువ్వే నేర్పు అన్నాను. “నేర్పినోళ్ళు మీరు గదా మేడమ్” అంది. పోయాను. నేను కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఆమె నేల మీద కూర్చుని బొమ్మ మీద చేసి చూపించింది. ఆ అమ్మాయిలు అప్పుడే ఆమెను అక్కా అంటున్నారు.

టీ తాగేటప్పుడు ఇద్దరమే మిగిలాం. ఆమె గ్లాసు ఊదుకుంటూ, నన్ను చూడకుండా చెప్పింది.

“ఆ పొద్దు స్పోర్ట్స్ రూములో మీరు చెప్పినప్పుడే నాకు బెదురు పుట్టినాది మేడమ్. పాప పడిన తీరు నాకూ బాగనిపించలా.”

“మరి?”

“మీరు చెప్పినారని మానేసినాను. ఇంకెవురు చెప్పింటే ఆ పొద్దే తీసకపోయేదాన్ని.”

నేను గ్లాసు కింద పెట్టాను.

“పాప నా మీద పడి ఆడుకునేది గానీ మేడమ్, మీరు మైదానంలోకి వస్తే లేచి నిలబడేది. ఎవురడిగినా ఆట నేర్పింది పెద్ద మేడమే అని చెప్పేది. నా ఎదురుగానే చెప్పేది. నాకు కడుపు మండిపోయేది. ఆఖరికి గుండె సంగతి కూడా మీరే కనిపెట్టినారంటే ఇంక నాకేమి మిగుల్తాది అనిపించినాది.”

అంటే, అన్నేళ్ళూ ఆ మైదానంలో కుళ్ళుకుంటున్నది నేనొక్కదాన్నే కాదు. నాది నేరుగా చూసే కుళ్ళు, ఆమెది నవ్వు ముఖంతో ఉన్న కుళ్ళు. ఈ రెండింటి మధ్య ఒక పిల్ల, ఏమీ తెలియకుండా, స్తంభం చుట్టూ పరుగెత్తింది. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దానికంటే ముందు ఇంకొకటి వచ్చింది: పాప నా పేరు చెప్పేదా అని. ఈ వయసులో, ఆ సందర్భంలో, ముందు అడగబోయింది అది. మింగేశాను. దాని బదులు వేరేది అడిగాను. అప్పుడే బయట విజిల్ వినిపించి, “వస్తా మేడమ్, పిలకాయలు కాచుకోనుండారు” అని ఆమె లేచిపోయింది. ఆ తర్వాత ఫోనులో రెండుసార్లు అడిగాను, మాట మార్చింది. ఈ వ్యాసం ఆమె చదువుతుందని నాకు తెలుసు కాబట్టి ఇక్కడ మళ్ళీ అడుగుతున్నాను.

ఆ రోజు మన చేతుల కింద ఆ పాప కళ్ళు తెరవకపోయి ఉంటే, ఈ మాట నాకు చెప్పి ఉండేదానివా?